అబద్ధం లేని శోకపాట

చెల్లెలి వాకిట్లో కాలు పెట్టనని ఎసెన్‌కుల్ ఒట్టు పెట్టుకుని తొమ్మిదేళ్లయింది. ఊరి పెద్దలందరి ముందూ పెట్టుకున్న ఒట్టు, దాన్ని గట్టున పెట్టడానికి వీల్లేదు. అందుకని ఏప్రిల్లో ఒక గురువారం పొద్దున్న గుర్రం మీద కూర్చునే ఆ వాకిట్లోకి వచ్చాడు. ఒట్టు పెట్టుకున్నది తను. గుర్రం కాదు.

బురుల్చా అప్పుడు మీగడ తీసే మిషను గిన్నెలు కడుగుతోంది. ఆ మిషనుకి ఇరవై రెండు రేకు గిన్నెలుంటాయి. ఒకదాని మీద ఒకటి వరసలో కూర్చోవాలి, వరస తప్పితే పాలన్నీ నేలపాలు. పద్నాలుగో గిన్నె చేతిలో ఉండగా గిట్టల చప్పుడు విని తలెత్తింది. అన్న. మొహం పసుపు పచ్చగా ఉంది, కోటు భుజాల మీద వేలాడుతోంది.

"ఎవరి మీద కోపంతో అంత తోముతున్నావే?" అన్నాడు గుర్రం మీద నుంచే. తొమ్మిదేళ్ల తర్వాత మొదటి మాట అది.

"ఎవరి మీదా లేదన్నా. జిడ్డు."

"డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాను."

"ఏమన్నాడు?"

"నాతో ఏమీ అనలేదు. మెదెర్‌తో అన్నాడు. కన్న కొడుకై ఉండి వాడూ నాతో ఏమీ అనలేదు. గోడకేసి తిరిగి ఏడ్చాడు. ఇంక నాకు వేరే చెప్పాలా?"

"ఎన్నాళ్లంట?"

"మంచు పడేదాకా."

తొమ్మిదేళ్లు ఈ మనిషి బురుల్చా ఎదురుపడితే రోడ్డు మారాడు, పెళ్లిళ్లలో తను కూర్చున్న వైపు వీపు పెట్టాడు, అయినా లోపల ఏదో తెగినట్టే అయింది. చేతిలో ఉన్నది పద్నాలుగో గిన్నో పదిహేనోదో మర్చిపోయింది.

"అది చెప్పడానికి వచ్చావా?"

"అది ఊరంతా చెప్తుంది, నేనెందుకు? పాట గురించి వచ్చాను. నా శోకం నువ్వే పాడాలి."

వాళ్ల ఊరు అక్‌బులక్‌లో మనిషి పోతే వాకిట్లో ఉన్ని గుడారం వేస్తారు. శవం లోపల ఉంటుంది. ఆడవాళ్లు గుడారం గోడకేసి తిరిగి కూర్చుని, పోయినవాళ్ల గురించి రాగం తీసి పాడతారు. దాన్ని కొషోక్ అంటారు. శోకాలు పెట్టడం తప్పని మసీదు మొల్లా ప్రతి చావుకీ చెప్తాడు. ప్రతి చావుకీ ఆడవాళ్లు బుద్ధిగా విని, ఆ తర్వాత మొదలుపెడతారు. ముప్పై ఏళ్లు ఆ లోయలో బురుల్చాని మించిన గొంతు లేదు. పక్క ఊళ్ల నుంచి కారు పంపించి మరీ పిలిపించుకునేవాళ్లు. మూడు మేకలవాడు ఆమె పాటలో మూడువేల గుర్రాలకు యజమాని అయ్యేవాడు. పెళ్లాన్ని చావబాదినవాడు చల్లని చంద్రుడయ్యేవాడు. వినేవాళ్లకి నిజం తెలుసు, పాడేదానికీ తెలుసు. అయినా అందరూ తృప్తిగా ఏడ్చేవాళ్లు.

తర్వాత ఆమె యేసుని నమ్ముకుంది.

ఎలా నమ్ముకుందంటే చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అదే చిక్కు. ఆదివారం ఆమె ముందుగదిలో ఏడుగురు ప్రార్థనకి కూడతారు. పాస్టరు కుబాన్ మిగతా ఆరు రోజులూ పట్నానికి వ్యాను తోలుతాడు. ఒక్కొక్కరికీ ఒక్కో సాక్ష్యం ఉంది. ఒకరికి కలలో తెల్లబట్టల మనిషి కనిపించాడు, ఇంకొకరికి పేరు పెట్టి పిలిచిన గొంతు వినపడింది. బురుల్చాకి మొగుడు తాగి తాగి పోయాడు, బజారులో ఎవరో ఇచ్చిన సువార్త పుస్తకం ఇంట్లో ఉంది, వేరే పుస్తకం లేక అది చదివింది. ఒకరోజు మిషను గిన్నెలు కడుగుతూ, ఇరవై రెండూ అయిపోయేసరికి, ఇవాళ తన బతుకుని ఒక్కసారి కూడా తిట్టుకోలేదని గమనించింది. రేపు కూడా ఇవే గిన్నెలు, అయినా రేపంటే భయం వేయలేదు. అంతే.

"సరిగ్గా గుర్తు చేసుకో అక్కా, వెలుగేమైనా వచ్చిందా?" అని కుబాన్ రెండు మూడుసార్లు ఆశగా అడిగాడు.

"వచ్చింది. కిటికీలోంచి."

బాప్తిస్మం తీసుకున్నాక అబద్ధం ఆడకూడదనుకుంది. అందరూ అలాగే అనుకుంటారు, ఈమె ఆ మాట మీద నిలబడింది. ఆ నెలలోనే కొట్టు యజమాని పోతే పాడటానికి పిలిచారు. వెళ్లి, "నీ బొటనవేలు కాటా మీద పెట్టి అందరికీ అమ్మావు, అయినా మంచులో కూడా పొద్దున్నే కొట్టు తెరిచావు" అని మంచి రాగంలో పాడింది. అతని పెళ్లాం ఏడుపు మధ్యలో ఆపి వెనక్కి తిరిగి చూసింది. ఆ తర్వాత ఆమెను ఎవరూ పిలవలేదు. యేసు వల్ల పిలవడం లేదని ఊరు అనుకుంది. నిజానికి సగం ఆ బొటనవేలు పాట వల్ల.

ఆ వారమే పెద్దల కూటంలో ఎసెన్‌కుల్ లేచి నిలబడ్డాడు. వంశానికి పెద్ద కొడుకు. "ఇవాళ్టి నుంచి దాని వాకిట్లో నా కాలు ఆనదు. దాని చావుకి మనం లేము. మన గోరీల దిబ్బలో దానికి చోటు లేదు" అన్నాడు. అందరూ గడ్డాలు నిమురుకుని సరేనన్నారు. వాళ్లమ్మ గోరీ ఆ దిబ్బ మీదే ఉంది.

ఇప్పుడు ఆ మనిషే గుర్రం మీద కూర్చుని పాట అడుగుతున్నాడు.

"బాతమా ఉందిగా, పాడటానికి," అంది బురుల్చా.

"దానిది గొంతా? చిల్లుపడిన బకెట్టు. అది పాడితే నేను లేచి కూర్చుంటాను."

"పెద్దలు నన్ను గుడారంలోకి రానివ్వరు."

"చచ్చేవాడి చివరి మాట కాదంటారా? వాళ్లూ చావాల్సినవాళ్లేగా. అది నేను చూసుకుంటాను."

"నేను అబద్ధం పాడను అన్నా."

"ఎవరు పాడమన్నారు? నిజమే పాడు."

"నీ గురించి నిజమా?" అంది. అనకుండా ఉండాల్సింది. అన్న కాసేపు గుర్రం చెవుల మధ్య నుంచి కొండకేసి చూశాడు.

"సరే," అన్నాడు. "ఏముందో చూద్దాం. మొదలుపెట్టు. వెయ్యి గుర్రాలు..."

"ఒక్క గుర్రం. దానికీ ఒక కన్ను లేదు."

"గొర్రెల మందలు..."

"పదకొండు."

"పన్నెండు!"

"ఒకటి మెదెర్ పెళ్లాం పుట్టింటి నుంచి తెచ్చుకుంది."

ఎసెన్‌కుల్ ఆ గొర్రెను వదులుకున్నాడు. ముప్పై నాలుగేళ్లు ఊరి కాలవ నీళ్లు పంచే పని చేశాడు కదా, దాని సంగతి పెట్టమన్నాడు. పంచిన మాట నిజమే, ముందు తన చేనుకి పెట్టుకుని తర్వాత పంచాడన్నదీ నిజమే, రెండూ పెడతానంది. ముసలాయన "మరి మంచిదేం లేదా నాలో?" అన్నాడు. కోపంగా అనాలనుకున్నాడు కానీ గొంతు అలా రాలేదు.

బురుల్చా నిజాయితీగా ఆలోచించింది. "గుర్రాన్ని ఎప్పుడూ కొట్టలేదు," అంది.

"అది పెట్టు," అని గుర్రాన్ని తిప్పుకుని వెళ్లిపోయాడు.

మళ్లీ గురువారం వచ్చాడు. వస్తూనే, "ఒరోజ్ జీను ఇచ్చేశాను," అన్నాడు. ఆ జీను కథ ఊరందరికీ తెలుసు. పెద్దల్లోకెల్లా పెద్దవాడైన ఒరోజ్ దగ్గర ఒక పెళ్లికని తీసుకున్నాడు, ఆ పెళ్లిలోనే ఇద్దరికీ మాటామాటా పెరిగింది, ఇక ఇవ్వనే లేదు. పద్నాలుగేళ్లు. బురుల్చా అన్న మాట నమ్మలేదు. సాయంత్రం ఒరోజ్ ఇంటికి పోయి గుమ్మం బయట నిలబడి అడిగింది.

"ఇచ్చాడు," అన్నాడు ఒరోజ్ అనుమానంగా. "నూనె రాసి మరీ ఇచ్చాడు. నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్టించుకుని పోయాడు. వాడికి ఒంట్లో బాగాలేదా?"

"బాగాలేదు బాబాయ్."

"అదీ, అనుకున్నాను."

జీను పాటలోకి వచ్చింది. ఆపై వారం కాలవ చివర చేను ఉన్న విధవరాలికి నీళ్ల వంతు ఎగ్గొట్టిన సంగతి ఒప్పుకున్నాడు. తూము దగ్గర ఆవిడ పార పుచ్చుకుని వెంటపడిందట. అదీ పాటలోకి వచ్చింది, పారతో సహా. పాటలో నిజమే ఉంటుందని ఖాయమయ్యాక ఆ మనిషి మంచి పనులు చేసి కొత్త నిజాలు తయారుచేసుకోవడం మొదలుపెట్టాడు. ఎప్పుడో దొంగిలించిన గడ్డి సంగతి ఒప్పుకున్నాడు. కోడలి రొట్టె బాగుందని ఒకరోజు భోజనం దగ్గర అన్నాడు, ఆ పిల్ల భయపడి మెదెర్‌కి ఫోన్ చేసింది.

కుబాన్‌కి ఇది నచ్చలేదు. "అక్కా, క్రియల వల్ల రక్షణ రాదని చెప్పు ఆయనకి. కృప వల్లే వస్తుందని చెప్పు."

చెప్పింది. గుర్రం మీద నుంచి అన్న శ్రద్ధగా విన్నాడు.

"రక్షణ ఎవడికి కావాలే? నాకు పాట కావాలి."

"నీ కోసం ప్రార్థన చేయనా అన్నా? ఒక్క నిమిషం."

"నేను ముసల్మానుని."

"తెలుసు."

అన్న గుర్రం జూలు సవరించాడు. "గుర్రం మెడ మీద చెయ్యి వేసి చేసుకో. గుర్రానికి చేస్తున్నావనుకుంటాను."

ఆమె గుర్రం మెడ మీద చెయ్యి వేసి, ప్రభువా ఇతన్ని బాగుచెయ్యి, బాగుచేయకపోతే దగ్గరుండు అని ప్రార్థించింది. కళ్లు తెరిచేసరికి అన్న కూడా కళ్లు మూసుకుని ఉన్నాడు. ఎండ పడుతోందన్నాడు. అన్నకి జబ్బు తగ్గలేదు. గుర్రం మాత్రం ఆ వేసవంతా నిగనిగలాడింది.

జూన్ కల్లా అతనికి జీను మీద గంటసేపు కూర్చునే శక్తి పోయింది. కాలు నేలకి ఆనించలేడు, ఒట్టు. బురుల్చా లోపలికి పోయి పెద్ద ఉన్ని తివాచీ తెచ్చి గుర్రం పక్కన పరిచింది. ఇద్దరూ దానికేసి చూశారు.

"ఇది నేల కాదు," అంది.

"కాదు," అని ఒప్పుకుని దిగాడు. ఆ తర్వాత ప్రతి గురువారం ఆ తివాచీ మీదే దిండు ఆనుకుని కూర్చుని, పాలు పోసిన ఉప్పు టీ తాగి, ఆమె నూనెలో వేయించిన పిండిబిళ్లలు రెండు తినేవాడు. రెండు నుంచి ఒకటి అయింది. బురుల్చా బుధవారం నుంచే వాకిలి ఊడ్చుకోవడం మొదలుపెట్టింది. తొమ్మిదేళ్లలో ఇంత సంతోషంగా లేదు తను. ఆ సంగతి తెలుసుకుని సిగ్గుపడింది. అన్న చావుజబ్బు వల్ల అన్న దొరికాడు, దీనికి స్తోత్రం చెప్పాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది.

ఇక పాటలో ఒక్కటే మిగిలింది. చెల్లెలి శోకంలో చివరి చరణం చెల్లెలిదే. పోయినవాడు తనకి ఏమయ్యాడో అందులో చెప్పాలి. గుడారం బయట మగవాళ్లు కూడా గొంతులు తగ్గించి వినేది ఆ చరణమే. ఆమె దగ్గర దానికి ఏమీ లేదు.

"చిన్నప్పుడు నన్ను వీపున మోసి ఏరు దాటించావు. అది పెట్టనా?" అంది ఒక గురువారం.

"వద్దు."

"నిజమేగా?"

"అమ్మ మోయమంటే మోశాను. అది అమ్మ మంచితనం, నాది కాదు. అమ్మ పాటలో పెట్టాల్సింది." ఇన్నాళ్లూ ఆమె కూర్చుని వడపోసిన మనిషి ఇప్పుడు ఆమె కన్నా కచ్చితంగా తయారయ్యాడు.

"మరేం పెట్టను?"

అన్న టీ గిన్నెలోకి చూశాడు. "తొమ్మిదేళ్లు మొహం చూడలేదని పెట్టు. నిజమేగా."

"అది పాడలేను అన్నా. గొంతు రాదు."

ఆగస్టులో పక్క ఊళ్లో బురుల్చా ప్రార్థన సంఘం ముసలాయన ఒకడు పోయాడు. ఊరివాళ్లు గోరీల దిబ్బ దారికి అడ్డంగా ట్రాక్టరు పెట్టారు. రెండు రోజులు బతిమాలినా లాభం లేకపోయింది. చివరికి కుబాన్ వ్యానులో వెనక సీట్లు తీసేసి, శవాన్ని ముప్పై అయిదు మైళ్లు పట్నం తీసుకెళ్లి, పాత రష్యావాళ్ల గోరీల్లో ఓ మూల పూడ్చారు. బురుల్చా కూడా ఆ వ్యానులో వెళ్లింది. గురువారం అన్నకి చెప్పింది.

"నన్నూ దాంట్లోనే తీసుకెళ్తారు. మలుపుల దగ్గర నెమ్మదిగా పోనివ్వమని కుబాన్‌కి ఇప్పుడే చెప్పి పెట్టాను."

"ముందు సీటా, వెనకా?"

"పడుకోబెట్టాలిగా అన్నా. వెనకే."

ఆయన టీ గిన్నె కింద పెట్టేశాడు.

"అమ్మ పక్కన పడుకుందామని ఉండేది," అంది బురుల్చా. నిష్ఠూరంగా కాదు, ఉన్నమాట చెప్పినట్టే చెప్పింది. కానీ చెప్పాక కళ్లల్లో నీళ్లు ఆగలేదు. "ఎక్కడున్నా దేవుడు లేపుతాడని నమ్ముతాను. అది కాదు. ముక్కూ మొహం తెలియని రష్యావాళ్ల మధ్య పడుకుని ఎదురుచూడాలి, నాకు వాళ్ల భాష కూడా సరిగ్గా రాదు."

ఆ రోజు ఎసెన్‌కుల్ పిండిబిళ్ల ముట్టుకోలేదు. గుర్రం ఎక్కించడానికి మెదెర్‌ని పిలవాల్సి వచ్చింది. ఆ తర్వాత రెండు గురువారాలు రాలేదు. మెదెర్‌తో కొండకేసి పోతున్నాడని, గోరీల దగ్గర ఏవో ఇనప చువ్వలు దింపించాడని ఎవరో అన్నారు. తన గోరీకి డాబుగా కంచె కట్టించుకుంటున్నాడని ఊరు నవ్వుకుంది. బురుల్చా కూడా అలాగే అనుకుని, ఈ గొప్పకి పాటలో చోటివ్వనని తీర్మానించుకుంది.

మూడో గురువారం వచ్చాడు. తివాచీ మీద పడుకునే ఉన్నాడు, కూర్చోలేదు. పాట మొత్తం ఒకసారి వినిపించమన్నాడు. వినిపించింది. చివరి చరణం దగ్గర ఆగింది.

"అన్నా, నన్ను చూడు. ఆ రోజు కూటంలో అన్న మాట తప్పని ఒక్కసారి అను చాలు. అదే పాడతాను. ఇంకేం అక్కర్లేదు."

ఎసెన్‌కుల్ కోటును గడ్డం దాకా లాక్కున్నాడు.

"వాకిట్లో, నీ ముందు అంటే ఏం లాభం?" అన్నాడు. "అన్నది పెద్దల ముందు."

ఆమెకి ఒళ్లు మండింది. చావబోతూ కూడా ఈ మనిషికి పెద్దలే కావాలి. టీ గిన్నె విసురుగా తీసుకుని లోపలికి పోయింది. బయటికి వచ్చేసరికి కొడుకు అతన్ని గుర్రం ఎక్కించి తీసుకుపోతున్నాడు.

తొలి మంచు అక్టోబరు ఆఖర్లో పడింది. డాక్టరు మాట నిలబెట్టడానికే అన్నట్టు ఆ మర్నాడు పొద్దున్న ఎసెన్‌కుల్ పోయాడు. మెదెర్ పరిగెత్తుకొచ్చి, "అత్తా, రా. నువ్వు లేందే గుడారం తలుపు తియ్యొద్దన్నాడు నాన్న" అన్నాడు. బురుల్చా నల్ల గుడ్డ కట్టుకుని వెళ్లింది. పెద్దలు ఆమెను చూసి గొణిగారు. చచ్చినవాడి చివరి మాట కాబట్టి దారి ఇచ్చారు. వీపులు మాత్రం తిప్పుకున్నారు.

అంతకుముందే, దారిలో కుబాన్‌కి ఫోన్ చేసి ఒక్కటే అడిగింది. "మా అన్న ఇప్పుడు ఎక్కడున్నాడు?"

కుబాన్ వ్యాను ఆపినట్టు వినపడింది. "నాకు తెలియదక్కా," అన్నాడు. "నీ కంటే దేవుడికి ఆయన మీద ప్రేమ ఎక్కువ. నాకు తెలిసింది అంతే."

"అయితే సరే," అని ఫోన్ పెట్టేసింది.

గుడారంలో గోడకేసి తిరిగి కూర్చుని అందుకుంది. తొమ్మిదేళ్లు ఏ గుడారంలోనూ ఎత్తని గొంతు, మొదట గీరుకుంది, తర్వాత దారి దొరికింది.

"వెయ్యి గుర్రాల దొరవని అనను, అన్నా,
ఒంటికన్ను గుర్రం ఒక్కటే నీది.
దాని మీద కొరడా ఎత్తలేదు నువ్వు,
ఉన్న కంటితో అది నీ గుమ్మం చూస్తోంది.

పద్నాలుగేళ్లు ఒరోజ్ జీను దాచావు,
పదిహేనో ఏట నూనె రాసి మోసుకెళ్లావు.
తిట్లు తిన్నావు, తిరిగి తిట్టలేదు,
నీ నోరు తెలిసినవాళ్లకి తెలుసు అదెంత కష్టమో."

బయట మగవాళ్లలో ఎవరో ఫక్కున నవ్వి, ఆ నవ్వు మధ్యలోనే భోరుమన్నాడు. ఒరోజ్ గొంతే. కాలవ చరణం వచ్చింది, పారతో సహా. తూము కాడి విధవరాలు గుడారంలోనే ఉంది, "తప్పించుకున్నాడు గానీ!" అని ఏడుస్తూ అంది. ఈ లోయలో ఏ శవం ముందూ ఎవరూ ఇంత నిజంగా ఏడవలేదు. ఇక చివరి చరణం మిగిలింది. ఆడవాళ్లు ముక్కులు తుడుచుకుని చెవులు రిక్కించారు.

"అన్నా," అని ఎత్తుకుంది బురుల్చా. ఆ ఒక్క మాట దగ్గరే ఉండిపోయింది. అబద్ధం రాదు, నిజం పాడలేకపోయింది. రెండుసార్లు అన్నా అంది, మూడోసారి గొంతు రాలేదు. మొహం కప్పుకుని ఏడ్చింది. పక్కనున్న బాతమా పరువు కాపాడదామని తన చిల్లు బకెట్టు గొంతుతో అందుకుంది. ఆ సందడిలో మగవాళ్లు శవాన్ని లేపారు.

అక్కడ ఆడవాళ్లు గోరీల దాకా పోరు. మగవాళ్లు పూడ్చి వచ్చేదాకా పొయ్యిల దగ్గర పని చూసుకుంటారు.

"అందరి సంగతీ పాడావు, నీ సంగతి ఏం లేదేంటే?" అంది బాతమా పిండి పిసుకుతూ.

"ఏం లేదు గనక," అంది బురుల్చా.

మామూలుగా గంటలో వచ్చేస్తారు. గంటన్నర అయింది. రెండయింది. మంచు మళ్లీ మొదలైంది. మాంసం ఉడికిపోయి, మళ్లీ చల్లారింది. గోయి కూలిందేమోనని ఒకరు, మొల్లాకి ఏమైనా అయిందేమోనని ఒకరు. రెండున్నర గంటలకి గిట్టల చప్పుడు వినపడింది. ఆడవాళ్లు గబగబా గుడారంలోకి పోయి, ఆచారం ప్రకారం గోడకేసి తిరిగి మళ్లీ ఏడుపు మొదలుపెట్టారు. అంతలో తలుపు తెర ఎత్తి ఒరోజ్ లోపలికి తల పెట్టాడు. గడ్డమంతా మంచు. మగవాడు అలా తల పెట్టకూడదు. ఏడుపు ఆగిపోయింది.

"బురుల్చా," అన్నాడు. "మీ అన్న చచ్చి కూడా మమ్మల్ని బతకనివ్వలేదు."

"ఏమైంది బాబాయ్?"

"కంచె కట్టించాడుగా. ఇంత పెద్దది ఎందుకురా అనుకున్నాం. ఒక పక్క మీ అమ్మ గోరీ. ఆ చివరాకర్న వీడి గోయి. మధ్యలో మనిషి పట్టేంత ఖాళీ. కొడుక్కి పెట్టుకున్నాడేమో అనుకున్నాం. తీరా దించబోతుంటే మెదెర్ గోయికి అడ్డంగా నిలబడ్డాడు. 'మధ్యలోది మా అత్తది. ఆ రోజు కూటంలో అన్న మాట తప్పని నాన్న మీ అందరి ముందూ చెప్పమన్నాడు. ఆ చోటు అత్తకి ఇస్తామని ఒట్టేస్తేనే నాన్నని దించండి. లేకపోతే దించొద్దు' అన్నాడు."

గుడారంలో ఆడవాళ్లంతా గోడ వదిలి తలుపుకేసి తిరిగారు.

"ఒట్టెయ్యకపోతే శవాన్ని ఏం చేయాలిరా అన్నాం," ఒరోజ్ గొంతులో ఇంకా నమ్మలేనితనం ఉంది. "'కుబాన్ వ్యాను పిలవమన్నాడు. పట్నం తీసుకెళ్లి రష్యావాళ్ల గోరీల్లో పూడ్చమన్నాడు. చెల్లెలు అక్కడికి వచ్చేసరికి తెలిసినవాడు ఒకడుంటాడు అన్నాడు' అంటాడు ఆ కుర్రాడు. మొల్లా ఆకాశంకేసి చూశాడు. నేను మొల్లాకేసి చూశాను. మంచులో రెండు గంటలు నిలబడ్డాం. నా కాళ్లు నావి కావు. చివరికి వేశాం ఒట్టు. నేను ముందు వేశాను, జీను గుర్తొచ్చి."

బురుల్చాకి ఆ మూడో గురువారం గుర్తొచ్చింది. వాకిట్లో, నీ ముందు అంటే ఏం లాభం, అన్నది పెద్దల ముందు. ఆ మాటకి టీ గిన్నె విసురుగా లాక్కుని లోపలికి పోయింది తను. మనిషి ఒట్టు పెట్టుకున్న పెద్దల ముందే ఒట్టు విప్పుకున్నాడు, అది కూడా తను బతికుండి దాని మర్యాద పొందకుండా, శవమై, మంచులో, పూడ్చే దిక్కు లేకుండా పడుకుని. "నా అన్నా!" అని ఆమె గట్టిగా అరిచింది. అలా ఆమె ఏ చావుకీ ఏడవలేదు.

తర్వాత గోడకేసి తిరిగి పాడింది. ఎవరూ అందుకోలేదు, బాతమా కూడా.

"తొమ్మిదేళ్లు మొహం తిప్పుకున్న అన్నా,
అమ్మకీ నీకూ మధ్య నాకు పక్క వేశావు.
కాస్త జరిగి పడుకో, పని ముగించుకుని వస్తాను.
లేచే పొద్దున అమ్మను నేను లేపుతాను,
నువ్వు మొద్దునిద్ర మనిషివి,
నిన్ను ఇద్దరం కలిసి లేపుతాం."

ఒరోజ్ తెర పట్టుకుని అంతా విన్నాడు. మంచు కరిగి గడ్డంలోంచి కారుతోంది, లేదా మంచు కాదేమో. గొంతు సవరించుకున్నాడు.

"అమ్మాయ్, మేం ఒట్టేసింది చోటు వరకే. ఆ లేవడం సంగతి మా దగ్గర మాట్లాడలేదు."

బురుల్చా ముక్కు చీదింది.

"దానికి మీ ఒప్పుదల అక్కర్లేదులే బాబాయ్," అని, మళ్లీ గోడకేసి తిరిగి పాట మొదటి నుంచి అందుకుంది.